వాడిది స్వభావం, నాది మతం

అస్తిత్వం గురించి ఏదైనా రాయమంటే పెద్ద పెద్ద సంగతులు రాయాలేమో అనుకుంటాం. నాకు మాత్రం ఒక వీడియో గుర్తొచ్చింది.

2020 మార్చి నెలాఖరు. దేశమంతా లాక్‌డౌన్. బడి మూతపడి ఇంట్లో కూర్చున్నాను. మా పదో తరగతి దోస్తుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చి పడింది. టోపీలు పెట్టుకున్న మనుషులు వరసగా కూర్చుని పళ్ళేలు, చెంచాలు నాకుతున్నారు. కింద నాలుగు వాక్యాలు. ఢిల్లీ నిజాముద్దీన్‌లో కరోనా అంటించడానికి వీళ్ళు చేస్తున్న పని చూడండి, అందరికీ పంపండి అని.

పంపినవాడు పరాయివాడు కాదు. పాలమూరులో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. బతుకమ్మ పండుగకు వాళ్ళమ్మ నా కోసం సత్తు ముద్దలు తీసి పెట్టేది. రంజాన్ పండుగనాడు షీర్ ఖుర్మా గిన్నె వాళ్ళింటికి పోయాకే మా ఇంట్లో కటోరాలు నిండేవి. మా అబ్బా పోయిన రోజు జనాజాను మోసిన భుజాల్లో వాడి భుజం కూడా ఉంది. అలాంటివాడు పంపిన వీడియో అది.

గంటసేపు వెతికాను. అది పాత వీడియో. 2018 నుంచే ఇంటర్నెట్‌లో ఉంది. అందులో ఉన్నవాళ్ళు దావూదీ బోహ్రాలు. ఒక్క మెతుకు కూడా వృథా కాకూడదని పళ్ళెం ఊడ్చి తినే ఆచారం వాళ్ళది. దానికీ నిజాముద్దీన్‌కూ, తబ్లీగీ జమాత్‌కూ ఏ సంబంధమూ లేదు. నిజానిజాలు తేల్చేవాళ్ళు అప్పటికే ఆ సంగతి రాసిపెట్టారు. ఆ రాసిందాన్ని తెచ్చి గ్రూపులో పెట్టాను. నా తరఫున ఒక్క ముక్క కూడా కలపలేదు.

జవాబులు వెంటనే వచ్చాయి. "మీవాళ్ళని మీరు వెనకేసుకు రాకపోతే ఎవరొస్తరులే" అని ఒకరు. "ఎంత చదువుకున్నా మీవాళ్ళంతా గంతే" అని ఇంకొకరు. కాసేపటికి మెడికల్ షాపు నడిపే దోస్తు నాకు విడిగా ఫోన్ చేశాడు. "ఏమనుకోకురా భాయ్. వాని స్వభావమే గంత. ఏదొస్తే అది పంపుతడు. మనసుల ఏముండది" అన్నాడు.

ఓదార్చడానికే చేశాడు. కానీ ఆ మాటే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. వాడు అబద్ధం పంపితే అది వాడి స్వభావం. నేను నిజం పంపితే అది నా మతం. వాడు ఒక మనిషి, నేను ఒక గుంపు. ఎందుకిట్లా?

స్వభావం అనేది ఉంది. లేదని వాదించడానికి నేను కూర్చోలేదు. మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు దాన్ని ఐదు గుణాలుగా విడదీసి కొలుస్తారు. కొత్త సంగతులను రానిచ్చే గుణం, పని మీద శ్రద్ధ, నలుగురిలో కలిసే గుణం, ఎదుటివాడితో సర్దుకుపోయే గుణం, ఊరికే ఆందోళన పడే గుణం. ఇవన్నీ అందరిలోనూ ఉంటాయి, పాళ్ళే వేరు. ఆ పాళ్ళను బట్టి మనిషి ఏది నలుగురితో పంచుకుంటాడు, ఏది దాచుకుంటాడు అన్నది కొంతవరకు తేలుతుంది.

కొలబద్ద లేకుండానే మా గ్రూపును చూసి చెప్పొచ్చు. లెక్కల సారుగా పనిచేసే దోస్తు చావు కబురు, పెళ్ళి కబురు తప్ప ఏదీ పంపడు. పంపేముందు తేదీ రెండుసార్లు చూసుకుంటాడు. ప్లాట్ల వ్యాపారం చేసే దోస్తు రోజుకొక ఫోటో పెడతాడు. కారు పక్కన ఒకటి, ఎమ్మెల్యే పక్కన ఒకటి. బస్సు కండక్టరు దోస్తుకు జోకులు. మెడికల్ షాపు దోస్తుకు ఆరోగ్య చిట్కాలు. అతని చిట్కాలు పాటిస్తే అతని షాపే మూసుకోవాలి, అయినా పంపుతాడు.

ఇక వీడియో పంపిన దోస్తు. వాడిది విత్తనాల దుకాణం. ఎవరికి కష్టమొచ్చినా ముందు ఉరికేది వాడే. ఏ కబురైనా అందరికంటే ముందు తానే చేరవేయాలన్న ఆత్రం వాడికి పుట్టుకతో వచ్చింది. 1989లో మా పదో తరగతి ఫలితాలు పేపర్లో వచ్చిన పొద్దున, నంబర్లు రాసుకుని సైకిలేసుకుని పేటపేటకూ తిరిగి అందరికీ చెప్పింది వాడే. నేను పాసయ్యానన్న కబురు మా అమ్మీకి చెప్పింది వాడే. అమ్మీ వాడి నోట్లో చక్కెర పోసింది. గుణం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. అప్పుడు సైకిల్, ఇప్పుడు ఫోను. అప్పుడు మా ఇంటికి సంతోషం మోసుకొచ్చాడు. ఇప్పుడు అదే ఇంటి మీదికి అనుమానం మోసుకొచ్చాడు.

స్వభావానికి తోడు, ఏ సరుకు తొందరగా చేతులు మారుతుంది అన్నది కూడా ఉంది. అమెరికాలో ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ టైమ్స్ వ్యాసాలు దాదాపు 7,000 తీసుకుని, జనం వేటిని ఎక్కువగా ఇతరులకు పంపారో చూశారు. 2012లో అచ్చయిన పని అది. ఆశ్చర్యం, కోపం, ఆందోళన రేపేవి ఎక్కువ పోయాయి. దిగులు పుట్టించేవి తక్కువ పోయాయి. ఇది చదివినప్పుడు నా బతుకు ఎవరో లెక్కగట్టి చెప్పినట్టనిపించింది. నా మీద కోపం ఊరంతా తిరుగుతుంది. నా దుఃఖం నా గల్లీ దాటదు.

2018లో సైన్స్ పత్రికలో ఇంకో లెక్క వచ్చింది. 2006 నుంచి 2017 దాకా అప్పటి ట్విట్టర్లో 30 లక్షల మంది పంచుకున్న సుమారు 1,26,000 కథనాలను పరిశీలించారు. నిజం కంటే అబద్ధాన్ని మళ్ళీ పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. ఇది యంత్రాల పనేమో అని వాటిని తీసేసి చూసినా లెక్క మారలేదు. చేసింది మనుషులే. నావంటి, మీవంటి మనుషులు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 2013లో వచ్చిన ఒక అధ్యయనం. కేంబ్రిడ్జి పరిశోధకులు 58,000 మంది ఫేస్‌బుక్ లైకులు తీసుకుని, ఎవరి స్వభావం ఎలాంటిదో యంత్రంతో ఊహింపజేశారు. రెండేళ్ళ తర్వాత అదే దారిలో చేసిన మరో పనిలో, పది లైకులు చూస్తే యంత్రం తోటి ఉద్యోగి కంటే బాగా, మూడు వందలు చూస్తే భార్యాభర్తల కంటే బాగా మనిషి గుణాన్ని చెప్పగలిగిందని రాశారు. అందరూ ఆ మాటకే ఆశ్చర్యపోయారు. నా కన్ను మాత్రం 2013 నాటి పట్టికలో ఇంకో గడి మీద ఆగింది. మనిషి క్రైస్తవుడా, ముస్లిమా అన్నది ఆ యంత్రం 82 శాతం సరిగ్గా పట్టేసింది. గుణాలను అంత కచ్చితంగా పట్టుకోలేకపోయింది. అంటే నేను పిరికివాడినో ధైర్యవంతుడినో యంత్రానికి అంత బాగా తెలియదు. నేను ముస్లింనని మాత్రం తెలిసిపోతుంది. మా దోస్తుల గ్రూపు చేసిందీ అదే కదా.

ఇంతదాకా ఇతరుల సంగతి చెప్పాను. ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ రాసిందంతా దొంగ రాత అవుతుంది.

నాది భయపడే స్వభావం. 2018 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక పుకారు పాకింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని. దాంతోపాటు ఒక వీడియో. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. మోటారు సైకిల్ మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుని పోతారు. నా చిన్న బిడ్డకు అప్పుడు ఆరేళ్ళు. వీడియో చూస్తుంటే చేతులు వణికాయి. అది ఎక్కడిది, ఎప్పటిది అన్న ఆలోచనే రాలేదు. మా ఖాందాన్ గ్రూపుకు పంపాను. టీచర్ల గ్రూపుకు పంపాను. దోస్తుల గ్రూపుకు పంపాను. పైన నా మాటగా 'పిల్లలు జాగ్రత్త' అని రాశాను. పంతులు రాసిన మాట. ఎవరు నమ్మరు?

ఆ వీడియో పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రంలోని ముక్క అని తర్వాత తెలిసింది. అసలు చిత్రంలో ఆ మోటారు సైకిల్ వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దింపేస్తుంది. పిల్లల్ని ఇట్లా క్షణంలో ఎత్తుకుపోగలరు, జాగ్రత్త అని రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్కను కోసేశారు. పిల్లల ప్రాణాలు కాపాడమని తీసింది పెద్దల ప్రాణాలు తీయడానికి పనికొచ్చింది.

2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని కొట్టి చంపారు. ఊరూరా తిరిగి అడుక్కుని బతికే నాథ్ గోసావి సంచార కులంవాళ్ళు వాళ్ళు. అదే నెల 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో, హైదరాబాద్ నుంచి పోయిన కొందరు మిత్రుల కారును జనం వెంటాడి పట్టుకున్నారు. వాళ్ళు చేసిందల్లా దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇవ్వడం. వాళ్ళలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణం పోయింది. ముస్లిం యువకుడు. పేపర్లో ఆ ఫోటో చూసి ఏడ్చాను. మనవాణ్ణి చంపేశారని అమ్మీతో అన్నాను.

ఆ రాత్రి నా ఫోన్ తెరిచి మే నెల దాకా వెనక్కి పోయాను. నేను పంపింది అక్కడే ఉంది. 'పిల్లలు జాగ్రత్త'. నా వేలి నుంచి బయలుదేరింది బీదర్ దాకా పోయిందని ఎవరూ చెప్పలేరు. పోలేదని చెప్పగలిగినవాడూ లేడు. మనవాణ్ణి చంపేశారని ఏడ్చిన నోటితోనే, ఆ చావు వెనక ఉన్న కోటి వేళ్ళలో నా వేలు కూడా ఉందేమో అని అడగాల్సి వచ్చింది. అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

మా పక్కనే జోగులాంబ గద్వాల జిల్లా. అదే రోజుల్లో అక్కడి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్ళను ఊళ్ళకు పంపి, ఫోన్లో వచ్చిందల్లా నమ్మొద్దని చెప్పించారు. డప్పు కొట్టించారు, పాటలు పాడించారు. భయపడే జనం అక్కడా ఉన్నారు. అదే వీడియో అక్కడి ఫోన్లలోకీ వచ్చింది. కానీ వచ్చిన భయం పక్కవాడి ఫోన్లోకి పోకముందే ఎవరో ఒకరు వాకిట్లోకి వచ్చి మాట్లాడారు. నాకూ ఎవరైనా అట్లా చెప్పి ఉంటే బాగుండేది అనుకున్నాను. కానీ నేను పంతుల్ని. చెప్పాల్సినవాణ్ణి నేనే.

కాబట్టి 'వాని స్వభావమే గంత' అన్న మాటను నా దోస్తు విషయంలో ఒప్పుకోవాలంటే ముందు నా విషయంలో ఒప్పుకోవాలి. నాది భయపడే స్వభావం, ఏం చేయను అనాలి. బీదర్‌లో కొడుకును పోగొట్టుకున్న ఇంటి ముందు నిలబడి ఆ మాట అనగలనా? అనలేను. స్వభావం నా చేత ఆ పని ఎందుకు చేయించిందో చెబుతుంది. చేసిన పనిని నా మీంచి దించదు.

పైగా స్వభావం మనం చెప్పుకునేంత మొండిదేం కాదు. 2018 జూలైలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక కట్టడి పెట్టింది. ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయడానికి లేదు. 2019 జనవరిలో ఆ కట్టడి ప్రపంచమంతా పెట్టారు. ఫార్వర్డులు నాలుగోవంతు తగ్గాయని కంపెనీ చెప్పింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌లను ఒక్కసారికి ఒక్కచోటికే పంపేలా చేశారు. ఆ రకం మెసేజ్‌లు 70 శాతం తగ్గాయన్నారు. ఆ కొద్దిరోజుల్లో జనం స్వభావం మారిపోయిందా? ఆత్రగాళ్ళు నిదానస్తులయ్యారా? భయస్తులు ధైర్యవంతులయ్యారా? ఏమీ లేదు. వేలికి చిన్న అడ్డం తగిలింది, అంతే. ఆ మాత్రం అడ్డానికి ఆగిపోయేదాన్ని పుట్టుకతో వచ్చిన గుణమనీ, మార్చలేమనీ ఎట్లా అంటాం?

2021లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన కూడా ఈ మాటకే బలమిస్తుంది. ఒక వార్త నిజమా కాదా అని సూటిగా అడిగితే జనం బాగానే చెప్పగలుగుతున్నారు. పంచుకునేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న వాళ్ళ మనసుకే రావడం లేదు. అందుకని ట్విట్టర్ వాడే ఐదు వేల మందికి పైగా మనుషులకు, ఏదో ఒక వార్త శీర్షిక చూపించి ఇది నిజమంటారా అని మెసేజ్ పెట్టారు. ఆ తర్వాత వాళ్ళు పంచుకున్నవి మునుపటి కంటే మేలుగా ఉన్నాయి. ఒక్క ప్రశ్న. నా దోస్తుకు కావలసింది అదే. 2018 మే నెలలో నాకు కావలసిందీ అదే.

ఇక్కడ మావాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 2017 ఆగస్టులో తెలంగాణలో పిల్లలకు తట్టు, రుబెల్లా టీకాలు వేసినప్పుడు, ఆ సూదితో మన పిల్లలకు సంతానం కలగకుండా పోతుందని మా ఖాందాన్ గ్రూపులో పంపింది మా ఫూఫీ. ఐదు పూటలా నమాజు చదివే మనిషి. ఒకరికి చెడు తలపెట్టే మనిషి కాదు. కానీ ఆ మెసేజ్ చూసి ఇద్దరు కోడళ్ళు ఆ రోజు పిల్లల్ని బడికి పంపలేదు. మేం బాధపడ్డవాళ్ళం, అనుమానాలు మోసినవాళ్ళం నిజమే. అంతమాత్రాన మేం పంపిన అబద్ధం నిజమైపోదు.

ఇప్పుడు పంపనివాటి గురించి మాట్లాడాలి. స్వభావం లెక్కలు కట్టేవాళ్ళందరూ మనిషి పంపినవాటినే లెక్కపెడతారు. పంపకుండా ఆపుకున్నవాటిని ఏ లెక్కలో వేస్తారు?

మా అన్న కొడుకు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివాడు. ఇంట్లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటే వాడి నోటికి తాళం లేదు. పార్లమెంటు నుంచి పెట్రోలు ధర దాకా దేన్నీ వదలడు. వాడి ఫేస్‌బుక్ చూడండి, బిర్యానీ, క్రికెట్, సినిమా. క్రికెట్‌లో కూడా జాగ్రత్త. పాకిస్తాన్ బౌలరు ఎంత మంచి బంతి వేసినా బాగుందని రాయడు. వాడి హిందూ దోస్తు రాస్తాడు, ఆటను ఆటగా చూసే పెద్దమనసు అని లైకులు వస్తాయి. మావాడు రాస్తే ఏమొస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వాడి పేజీ చూసిన యంత్రం ఏమనుకుంటుంది? తిండి, ఆట తప్ప వేరే ధ్యాస లేని కుర్రాడనుకుంటుంది. వాడు గొంతులో ఆపుకున్నది యంత్రానికి ఎట్లా తెలుస్తుంది?

మా ఆపా ఫోన్లో తన ఫోటో ఉండాల్సిన చోట గులాబీ పువ్వు ఉంటుంది. తోటి ఉద్యోగులు ఆమెను సిగ్గరి అంటారు. ముస్లిం ఆడవాళ్ళు అంతే, ఇంట్లోవాళ్ళు పెట్టనివ్వరు అని కూడా అంటారు. ఆపాకు సిగ్గు లేదు. ఇంట్లో మగవాళ్ళందరినీ నిలదీసే మనిషి. 2021 జూలైలో ఒక యాప్‌లో, 2022 జనవరి 1న ఇంకో యాప్‌లో ముస్లిం ఆడవాళ్ళ ఫోటోలు పెట్టి వేలం వేస్తున్నట్టు ఆడుకున్నారు. జర్నలిస్టులు, చదువుకున్నవాళ్ళు, గొంతు విప్పి మాట్లాడేవాళ్ళను వెతికి మరీ పెట్టారు. ఆపా అప్పుడు తీసేసింది తన ఫోటో. మళ్ళీ పెట్టలేదు. ఆ గులాబీ వెనక ఉన్నది సిగ్గు అని రాసుకున్నవాడికి మా ఆపా గురించి ఏం తెలిసినట్టు?

నేనూ అంతే. ఆ మార్చి రాత్రి గ్రూపులో పెట్టడానికి పెద్ద ఉత్తరమే రాశాను. సత్తు ముద్దల గురించి రాశాను. అబ్బా జనాజా గురించి రాశాను. నన్ను చూసి కూడా ఇట్లా ఎట్లా అనుకున్నారురా అని రాశాను. అంతా రాసి చెరిపేశాను. పక్క గదిలో నుంచి అమ్మీ "నీకెందుకు బేటా, ఊకో" అంటూనే ఉంది. తెల్లారి మెడికల్ షాపు దోస్తు "నువ్వు మంచోనివిరా, మౌనంగుంటవు" అన్నాడు. నా మౌనం కూడా వాళ్ళ లెక్కలో నా మంచి స్వభావం అయిపోయింది.

పెద్ద సంఖ్యలో ఉన్నవాడికి స్వభావం ఉండే వెసులుబాటు ఉంది. అతను కోపిష్ఠి కావచ్చు, వాగుడుకాయ కావచ్చు, అజాగ్రత్త మనిషి కావచ్చు. ఆ పేరు అతనికే వస్తుంది, అతనితోనే పోతుంది. నాకు ఆ వెసులుబాటు లేదు. నాకు కోపమొస్తే అది జిహాద్. నేను మాట్లాడకపోతే లోపల ఏదో పెట్టుకున్నట్టు. నవ్వితే నటిస్తున్నట్టు. నాలో ఉన్న ఐదు గుణాలనూ కొలవకముందే ఆరోది ఒకటి అంటగట్టి, దాంతోనే కొలత పూర్తి చేస్తారు.

ఈ అన్యాయానికి జవాబు ఎక్కడుందా అని వెతుకుతుంటే మా ఇంట్లోనే, మా పెద్దల దగ్గరే దొరికింది. ప్రవక్త మాటగా ఎవరైనా ఏదైనా చెబితే వెంటనే నమ్మకూడదని వెయ్యేళ్ళ కిందటే మా పండితులు ఒక శాస్త్రం తయారు చేసుకున్నారు. నీకు ఎవరు చెప్పారు, అతనికి ఎవరు చెప్పారు అని గొలుసుకట్టుగా చివరిదాకా అడిగేవాళ్ళు. ఆ గొలుసును సనద్ అంటారు. గొలుసులోని ఒక్కొక్క మనిషి ఎవరు, ఎట్లాంటివాడు, నిజం చెబుతాడా, విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకుంటాడా, ముందువాణ్ణి అసలు కలిశాడా అని విచారించేవాళ్ళు. వేలాది మనుషుల వివరాలు ఇట్లా రాసిపెట్టారు. దాన్ని అస్మా ఉర్ రిజాల్ అంటారు. కబురు మోసేవాడి స్వభావానికీ కబురుకూ ఉన్న సంబంధాన్ని అంత గట్టిగా పట్టుకున్నవాళ్ళు వాళ్ళు.

అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అబద్ధాలకోరుల మాటనే కాదు, భక్తి నిండుగా ఉండి జ్ఞాపకం సరిగా లేని మంచివాళ్ళ మాటను కూడా వాళ్ళు పక్కన పెట్టారు. నువ్వు మంచివాడివే, నీ చేతి నుంచి నీళ్ళు తాగుతాం, నీ కబురు మాత్రం తీసుకోం అన్నారు. మా ఫూఫీకీ, నా దోస్తుకూ, నాకూ సరిపోయే తీర్పు అది. ఇంకో సంగతి, వాళ్ళు మనిషిని మనిషిగా తూచారు. ఫలానా ఊరివాళ్ళంతా, ఫలానా కులంవాళ్ళంతా అని ఒక్క గంపలో వేసి పారేస్తే శాస్త్రమే నిలబడదు. ఒక్కొక్కరి పేరూ విడిగా రాసుకున్నారు.

దీని గురించి జుమా బయాన్‌లో విన్న కథ ఒకటి నేను చాలామందికి చెప్పాను. ఇమామ్ బుఖారీ ఒక హదీసు కోసం చాలా దూరం పోయాడట. ఆ మనిషి ఖాళీ సంచి చూపించి గుర్రాన్ని పిలవడం చూసి, జంతువును మోసం చేసేవాడి మాట నాకొద్దని వెనక్కి వచ్చేశాడట. బడిలో పిల్లలకు కూడా చెప్పాను. కిందటేడు మా మౌల్వీ సాబ్ దగ్గర ఇదే కథ ఎత్తితే ఆయన నవ్వి, "ఈ కథకు గట్టి సనద్ లేదు బాబూ" అన్నారు. తల దించుకున్నాను. సనద్ అడగాలని చెప్పే కథనే సనద్ అడగకుండా ఇన్నేళ్ళు మోశాను.

ఆ ఏడు చలికాలంలో, హోటళ్ళు మళ్ళీ తెరిచాక, విత్తనాల దోస్తును చాయ్‌కి పిలిచాను. వాడి వీడియో సంగతి ముందు ఎత్తలేదు. నేను 2018లో పంపిన వీడియో సంగతి చెప్పాను. కరాచీ సంగతి, బీదర్ సంగతి అంతా చెప్పాను. చాయ్ చల్లారిపోయింది. చాలాసేపటికి వాడు "పంపేటప్పుడు నువ్వు యాదికి రాలేదురా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు వాడు. అదే అసలు సంగతి. వాడి ఫోన్లో ఉన్న ముస్లింలు వేరు, వాడి పక్కన కూర్చున్న నేను వేరు. వాడు నన్ను మరిచిపోతేనే ఆ వీడియో వాడి చేతి నుంచి కదిలింది.

అప్పటి నుంచి మావాళ్ళ మీద ఏదైనా వస్తే వాడు ముందు నాకు పంపుతాడు. "నిజమేనారా చూడు" అంటాడు. నేను చూసి చెబుతాను. సంతోషమే. కానీ ఒక్కోసారి అలసట వస్తుంది. వాడి ఆత్రానికి జీవితాంతం నేనే కాపలా కాయాలా? నా నిర్దోషిత్వాన్ని రోజూ నేనే రుజువు చేసుకోవాలా? వాడే వెతుక్కోవడం నేర్చుకున్న రోజు మా దోస్తీ నిజంగా సమానమవుతుంది.

నేను ఎవరినీ క్షమించమని అడగడం లేదు, ఎవరినీ శిక్షించమనీ అడగడం లేదు. వాడి తప్పును వాడి స్వభావం మీదికి నెట్టి తేలికచేయకండి. నా తప్పును నా కౌమ్ మీదికి నెట్టి బరువు చేయకండి. 2018 మేలో ఆ వీడియో పంపింది ముస్లింలు కాదు, నేను. భయస్తుణ్ణి, తొందరపడ్డాను, తప్పు చేశాను. ఆ తప్పు నా ఒక్కడి పేరు మీద రాయండి.